గీసిన ఎడ్లు నాగలి లాగుతున్నట్టు ఎందుకు కనిపించవు?

ఫోటోలు చూసి దుక్కి దున్నే ఎడ్లను గీస్తున్నాననీ, కొలతలన్నీ సరిపోయినా అవి ఊరికే నిలబడ్డట్టు ఉంటున్నాయనీ అడిగారు. రెండేళ్లు నేనూ ఇదే తిప్పలు పడ్డాను.

అప్పట్లో నా ముందు ఎప్పుడూ ఫ్రెంచి చిత్రకారిణి రోజా బోనర్ చిత్రం ప్రింటు ఒకటి ఉండేది. ఫ్రాన్స్‌లోని నివెర్నే ప్రాంతంలో దుక్కి దున్నడం మీద ఆవిడ 1849లో వేసిన చిత్రం. 1848లో అక్కడి ప్రభుత్వమే 3,000 ఫ్రాంకులిచ్చి వేయించుకుంది. రెండు నాగళ్లు, ఒక్కో నాగలికి ఆరేసి ఎడ్లు. ఆ తలల వంపు నాకెంత నచ్చిందంటే, దాన్నే తెచ్చి మన ఒంగోలు ఎడ్లకు అతికించేశాను. మూపురం, గంగడోలు, తెలుపులో బూడిదరంగు నీడ, అన్నీ బ్రహ్మాండంగా కుదిరాయనుకున్నాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెదనాన్నకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏరా, వీటికి కాడి కట్టావా, మేతకి వదిలావా?" అన్నాడు.

తర్వాత అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. మన ఎద్దుకి కాడి మెడ మీద, మూపురానికి ముందు ఆనుతుంది. బరువు పడ్డప్పుడు ఎద్దు మూపురంతో కాడిని ముందుకు నెడుతుంది. ఆ ఫ్రెంచి ఎడ్లకు మూపురమే లేదు. అక్కడ కాడిని తల వెనక పెట్టి, తోలు పట్టెడలతో కొమ్ములకు బిగించేవాళ్లు. లాగేదంతా తలతోనే కాబట్టి మెడ అలా బిగుసుకుని వంగి ఉంటుంది. బోనర్ కళ్లారా చూసింది గీసింది, నేను చూడనిది గీశాను.

ఆవిడ చూడటమంటే మామూలు చూడటం కాదు. జంతువుల ఒళ్లు లోపల ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి కబేళాలకు వెళ్లేది. గుర్రాల సంత చిత్రం కోసమైతే ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు పారిస్ గుర్రాల మార్కెట్‌కి, ఎవరూ పట్టించుకోకుండా మగవాళ్ల బట్టలు వేసుకుని వెళ్లింది. ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి కావాల్సిన రోజులవి!

మీరు కబేళాకి పోనక్కర్లేదు. కానీ ఫోటో పక్కన పెట్టి ఒక్క పూటైనా గట్టు మీద కూర్చోండి. ఇప్పుడన్నీ ట్రాక్టర్లే, దున్నే ఎడ్లు దొరకడం కష్టమే. బండలాగుడు పోటీలకు వెళ్లొచ్చు, నేనూ వెళ్లాను. వెనక కాళ్లు నేలను ఎలా తంతాయో, తొడ కండ ఎలా ఉబ్బుతుందో అక్కడ బాగా తెలుస్తుంది. అయితే అది నిమిషాల లెక్కన పెట్టే జోరు. ఆ భంగిమ తెచ్చి దుక్కిలో పెడితే మళ్లీ అబద్ధమే. దుక్కి ఎద్దుది పూటంతా సాగే నడక. ఇంకొకటి, ఒక ఎద్దు గీసి దాన్నే తిప్పి రెండోది చేయకండి. దాపటి (ఎడమవైపు) ఎద్దు, వలపటి (కుడివైపు) ఎద్దు ఒకేలా నడవవు.

కొన్నేళ్లకు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో బోనర్ దుక్కి చిత్రం అసలుది చూశాను. దాదాపు ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు. అక్కడ నన్ను ఆపేసింది ఎడ్లు కావు, మట్టి. ముందుభాగమంతా తిరగబడ్డ బెడ్డలే. వాటిని చూశాకే ఆ ఎడ్ల బరువు నమ్ముతాం. నేనేమో గిట్టల్ని పూర్తిగా, శుభ్రంగా నేల మీద పెట్టి గీసేవాణ్ణి. మెత్తటి దుక్కిలో గిట్ట దిగబడుతుంది కదా!

అదే మ్యూజియంలో ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1857లో వేసిన చిత్రం ఉంది, కోసిన చేలో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్లు. ముఖాలు సరిగ్గా కనబడవు, చెప్పేదంతా ఆ వంగిన నడుములే. నన్నడిగితే మనిషి కష్టం చూపించడంలో మిల్లేదే పైచేయి. బోనర్ చిత్రంలో మనుషులు ఎడ్ల చాటున పడిపోయారు, బహుశా కావాలనే.

ఇప్పుడు నేను ఎద్దుతో మొదలుపెట్టను. నాగలి కర్రు నేలలో దిగిన చోటు నుంచి కాడి దాకా ఒక్క గీత గీసుకుంటాను, లాగుడంతా ఆ గీత మీదే. తర్వాత మట్టి, ఆఖర్న ఎడ్లు. అలా వేసిన మొదటి బొమ్మ పెదనాన్నకు చూపిస్తే చాలాసేపు చూసి, "దాపటిది కొంచెం బద్ధకంది, రెండు తగిలించాలి" అన్నాడు.