ముందు పేనుబంకను పెంచడం నేర్చుకో

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఇంట్లో పురుగుల్ని పెంచుతుందట వదినా" అంది. నవ్వుతూనే చెప్పింది కానీ గొంతులో కంగారు దాగలేదు. అవి చుక్కల రెక్కల అక్షింతల పురుగులని, అదే లేడీబర్డ్‌లని తెలిశాక రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సంతోషం కొంత. మన ఇంట్లో నా తర్వాత ఈ పిచ్చి ఇంకెవరికీ పట్టదనుకున్నాను. మిగతాది టెన్షన్. అదెందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

సీసా సంగతి తేలిక. మూతి వెడల్పుగా ఉండాలి, మూతకు బదులు పల్చటి బట్ట కట్టి రబ్బరు బ్యాండు వెయ్యి. నేరుగా ఎండ పడకూడదు. నీళ్లకు తడి దూది చాలు. నీటి చుక్కలు వదిలావంటే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల అందులోనే మునిగి చస్తుంది. వేళ్లతో పట్టుకోకు, బొమ్మలేసే మెత్తటి కుంచెతో ఎత్తు. పెద్ద పురుగు బెదిరితే కాళ్ల కీళ్లలోంచి పసుపు రంగు చుక్క వదులుతుంది. కంపు కొడుతుంది, అంతే.

అసలు సంగతి మేత. మొక్కల రసం పీల్చే ఆ పేనుబంకతో వేగలేకే కదా నువ్వు ఇది మొదలుపెట్టింది? ఇక దాన్నే పెంచాలి. పిల్ల పురుగు ప్యూపా (రెక్కలు రాకముందు కదలకుండా ఉండే దశ) అయ్యేలోపు ఒక్కొక్కటీ కొన్ని వందల పేనుబంకను తినేస్తుంది. మొదటి రోజుల్లో దాని తిండి నీ కంటికి ఆనదు. నాలుగో దశకు, అంటే ప్యూపాకు ముందున్న చివరి దశకు వచ్చాక మాత్రం పొద్దున వేసింది సాయంత్రానికి ఉండదు. అందుకే గుడ్ల కోసం వెతక్కముందే నాలుగైదు కుండీల్లో చిక్కుడో అలసందో వేసి, తోటకు దూరంగా పెట్టి, వాటికి పేనుబంక అంటించు. ఆడ పేనుబంకకు మగదానితో పనే లేదు, పిల్లల్ని కంటూ పోతుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తామూ కనడం మొదలుపెడతాయి. ఒక కుండీ ఖాళీ అయ్యేసరికి ఇంకోటి నిండి ఉండాలి. పురుగు పట్టిన మొక్కల్ని కావాలని పెంచుతున్నావని మీ అమ్మ అరుస్తుంది. అరవనీ.

ఎవరో మందు కొట్టిన మొక్క నుంచి మాత్రం పేనుబంక తేకు. అది తిన్నవి తిన్నట్టే పోతాయి.

ఇప్పుడు నా తప్పు సంగతి. మీ నాన్న ఈ కథను నీకు ఎలా చెప్పాడో తెలియదు. నేను చెప్పేది విను.

అప్పుడు మీ నాన్న కాలేజీలో కొత్తగా చేరాడు. నా దగ్గర 43 పిల్ల పురుగులుండేవి. ఈ లెక్క ఇంకా గుర్తుంది, ఎందుకంటే రోజూ లేవగానే మొహం కూడా కడుక్కోకుండా లెక్కపెట్టేదాన్ని. అన్నీ ఒకే పెద్ద సీసాలో ఉండేవి. నాకు మూడు రోజులు ఊరెళ్లాల్సి వచ్చింది. "రోజూ పొద్దున పాత ఆకులు తీసేసి కొత్తవి వెయ్యరా" అని మీ నాన్నకు అప్పజెప్పి వెళ్లాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

తిరిగొచ్చి చూస్తే పదకొండున్నాయి. బట్ట కట్టింది కట్టినట్టే ఉంది. అయినా పారిపోయాయనే అనుకుని మంచం కింద, కర్టెన్ మడతల్లో, చెప్పుల్లో కూడా వెతికాను. చివరికి సీసా ముందు కూలబడి చూస్తుంటే అర్థమైంది. ఒక పిల్ల ప్యూపా కావడానికి తోక అంటించుకుని, ఒళ్లు ముడుచుకుని కదలకుండా ఉంది. రెండు వైపులా రెండు దాన్ని పట్టుకుని తింటున్నాయి. లోపల ఆకులు మాత్రం తళతళ మెరుస్తున్నాయి.

"ఆకుల నిండా ఏవో పురుగులున్నాయక్కా. పాపం తినలేవేమోనని కుళాయి కింద శుభ్రంగా కడిగి వేశాను" అన్నాడు మీ నాన్న. మూడు రోజులూ కడిగాడట. ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

నోటికి ఏదొస్తే అది అన్నాను. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. తర్వాత ఎన్నేళ్లో, నలుగురు చేరినప్పుడల్లా "మా తమ్ముడు పురుగులకు స్నానం చేయించిన మేత పెట్టాడు" అని చెప్పి నవ్వించేదాన్ని. వాడూ నవ్వేవాడు. వాడి తప్పేముంది చెప్పు? వాడు చూసిన అక్షింతల పురుగు వంగ తోటలోది, ఆకుల్ని గీరి జల్లెడ చేసేది. దాన్నీ అదే పేరుతో పిలుస్తారు. కాబట్టి ఇవీ ఆకులే తింటాయనుకున్నాడు. పైగా వాడు కడగకపోయినా అన్నిటిని ఒకే సీసాలో కుక్కింది నేను. మేత తగ్గితే ఇవి ఒకదాన్నొకటి తింటాయని నాకు అప్పటికే తెలుసు. గుడ్లలోంచి ముందు వచ్చినవి పక్కనున్న పగలని గుడ్లను తినడం కళ్లారా చూశాను. చూసి కూడా, రోజూ నేనే మేత వేస్తాను కదా అన్న ధీమాతో ఉన్నాను.

కాబట్టి సీసాకు ఐదారు మించొద్దు. కాగితాన్ని విసనకర్రలా మడిచి లోపల పెట్టు, మడతకొకటి దాక్కుంటుంది. ప్యూపా అయినదాన్ని పీకకు, అది అంటుకున్న కాగితం ముక్కనే కత్తిరించి వేరే సీసాలో వెయ్యి. వారం అటూ ఇటూగా రెక్కల పురుగు బయటికొస్తుంది. అప్పుడు చుక్కల్లేకుండా, లేత పసుపు రంగులో, మెత్తగా ఉంటుంది. ఏదో జబ్బు చేసిందని ఏడుస్తూ నాకు ఫోన్ చెయ్యకు. కొన్ని గంటలు ఆగితే రంగూ వస్తుంది, చుక్కలూ వస్తాయి.

ఆ వంగ పురుగును పొరపాటున ఇంటికి తెచ్చేవు. వాటిలో 12 చుక్కలది ఉంది, 28 చుక్కలది ఉంది. ఒంటి నిండా సన్నని నూగు ఉంటుంది కాబట్టి మెరవదు. దాని పిల్లలు పసుపు రంగులో ముళ్లు ముళ్లుగా ఉంటాయి. మనవాటి పిల్లలు నల్లగా, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటాయి. అందం లేదని తోటలో కనిపించినవాటిని నలిపేయకు.

దొరికేవి నీ చుట్టుపక్కల మొక్కల మీదే దొరుకుతాయి, దూరం నుంచి తెప్పించుకోకు. 1888-89లో ఆల్బర్ట్ కోబెలె అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకు కొన్ని వందల అక్షింతల పురుగుల్ని పంపితే, నారింజ తోటల్ని ఎండగొడుతున్న పొలుసు పురుగు కొద్దికాలంలోనే అదుపులోకి వచ్చింది. నిజమే. కానీ పేనుబంకను తింటుందని అమెరికా, యూరప్‌లలో వదిలిన హార్లెక్విన్ అనే ఆసియా రకం అక్షింతల పురుగు, అక్కడి అక్షింతల పురుగుల గుడ్లనూ పిల్లలనూ కూడా తింటోంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు నా సీసానే గుర్తొచ్చింది.

తోటలోకి వదిలేది సాయంత్రం చల్లబడ్డాక. మొక్కల మీద కాసిని నీళ్లు చిలకరించి, మొదళ్ల దగ్గర వదులు, అవే పైకెక్కుతాయి. రెక్కలొచ్చినవి ఎగిరిపోతాయి, పిల్లలైతే ఉన్నచోటే ఉండి తింటాయి. నన్నడిగితే పిల్లల్నే వదలమంటాను. పెద్దవి ఉండిపోవాలంటే పుప్పొడి కావాలి, కాస్త కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలెయ్యి. చీమలు మాత్రం ఊరుకోవు. పేనుబంక వదిలే తీపి బంక కోసం అవి కాపలా కాస్తాయి, మన పురుగుల మీద పడి తరుముతాయి. ముందు వాటి దారి మూసెయ్యి. ఇక సబ్బు నీళ్లు, వేపనూనె అంటావా, పిల్లలున్న మొక్క మీద చుక్క కూడా పడకూడదు.

పురుగుల మేత గురించి ఇంత రాశాను గానీ, నువ్వు పొద్దున ఏమీ తినకుండానే పరిగెడుతున్నావని కూడా మీ అమ్మ చెప్పింది. దాని గురించి ఎదురుగానే మాట్లాడతాను.

ఆకు అడుగున పసుపు గింజలు నిలబెట్టినట్టు గుడ్లు కనిపించిన రోజు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే సీసాల్ని మీ నాన్నకే అప్పజెప్పు, వాడిలా మర్చిపోకుండా చేసేవాళ్లు నీకు దొరకరు. కాకపోతే ఏం వెయ్యాలో కాగితం మీద రాసి సీసాకు అంటించు. కడగొద్దని కూడా రాయి.

మీ అత్త