డెబ్బయ్యో ఏట వీణ మానేయాలా?

నమస్కారం. నలభై ఏళ్లుగా వీణ వాయిస్తున్న మీ అమ్మగారు వేళ్ల నొప్పుల వల్ల ఆర్నెల్లుగా దాన్ని ముట్టడం లేదని, ఈమధ్య పేర్లు మరచిపోతున్నారని, మళ్లీ వాయిస్తే మేలు జరుగుతుందా అని అడిగారు. నా అభిప్రాయంలో వీణను వదిలిపెట్టనివ్వకండి.

ఎడమచేతి వేలు మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం, అంటే స్వరంలోని ఊపు, పలికిస్తున్నప్పుడు, చెవి ఆ స్వరస్థానాన్ని వెంటనే సరిచూస్తుంది, కుడిచేయి మీటు తప్పదు, చిటికెన వేలు తాళం వేస్తుంది, మనసు రాబోయే సంగతిని, అంటే అదే పంక్తిని మరో తీరులో వాయించడాన్ని, సిద్ధం చేసుకుంటుంది. వినికిడి, కదలిక, జ్ఞాపకం ఒకేసారి ఇంతగా కలిసి పనిచేసే సందర్భాలు రోజువారీ జీవితంలో తక్కువ. 2014లో వెలువడిన స్వీడన్ కవలల అధ్యయనంలో, పెద్ద వయసులో వాద్యం వాయించేవారికి డిమెన్షియా లేదా జ్ఞాపకశక్తి లోపం వచ్చే అవకాశం, వాయించని తోడబుట్టిన కవలతో పోలిస్తే 64 శాతం తక్కువగా కనబడింది. అయితే ఈ విషయంలో తేడా ఉన్న జంటలు 27 మాత్రమే కాబట్టి, దీన్ని హామీగా తీసుకోకూడదు.

శ్రుతి కాస్త తగ్గిస్తే తీగల బిగువు తగ్గి వేళ్లకు సులువవుతుంది. పూటకు పదిహేను నిమిషాలు, తెలిసిన వర్ణంతో (సాధనకు వాయించే రచనతో) మొదలుపెట్టి, వారానికో కొత్త సంగతి చేర్చమనండి. పేర్లు మరచిపోవడం గురించి మాత్రం న్యూరాలజిస్టుకు చూపించడం ఆలస్యం చేయకండి. థైరాయిడ్, బి12 లోపం, వినికిడి తగ్గడం వంటి సరిచేయదగిన కారణాలూ ఉండవచ్చు.