నీ కథలో నూనె వాసన రావాలి

తమ్ముడూ,

నీ కథ రాత్రి చదివాను, పొద్దున్నే మళ్ళీ చదివాను. 1942 ఫిబ్రవరి 18 తెల్లవారుజామున ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో రాళ్ళకెక్కిన అమెరికా యుద్ధనౌక (డిస్ట్రాయర్) ట్రక్స్‌టన్ మీద రాయాలనుకోవడమే నాకు బాగా నచ్చింది. కానీ మొదటి నాలుగు పేజీలూ గాలీ, మంచూ, అలలే. సరుకుల ఓడ పోలక్స్‌తో కలిసి అక్కడి అమెరికా నావికా స్థావరం ఆర్జెన్షియాకు వెళ్తున్నారు, జర్మన్ సబ్‌మెరైన్ల భయంతో రేడియో వాడలేదు, తుఫాను దారి తప్పించింది. ఇంతే కదా, రెండు వాక్యాల్లో అయిపోతుంది. రెండు ఓడల మీదా కలిపి 203 మంది పోయారు, ఆ అంకె ఒక్కసారి చెప్తే చాలు, మూడుసార్లు చెప్పావు.

అసలు కథ ట్రక్స్‌టన్ రాళ్ళకెక్కిన చిన్న సముద్రపు పాయ చేంబర్స్ కోవ్‌లో, నిట్టనిలువు కొండ కింద ఉంది. ఓడ పగిలి నీళ్ళ మీద తారులా చిక్కటి నూనె పరుచుకుంది, ఆ చలిలో దాన్లో పడి ఈదాలి, కళ్ళల్లోకీ నోట్లోకీ అదే. ఒక నావికుడు ఎలాగో కొండెక్కి, మంచులో నడిచి ఐరన్ స్ప్రింగ్స్ గని దాకా వెళ్ళాడు. గని పనివాళ్ళు పరిగెత్తుకొచ్చి పైనుంచి తాళ్ళు వేసి లాగారు. ట్రక్స్‌టన్ నుంచి దక్కింది 46 మందే.

వాళ్ళలో లేనియర్ ఫిలిప్స్ ఒకడు. అమెరికా దక్షిణాది రాష్ట్రం జార్జియా నుంచి వచ్చిన నల్లజాతి కుర్రాడు, ఓడలో తెల్ల ఆఫీసర్లకు వడ్డించే పని తప్ప వేరే పని ఇవ్వలేదతనికి. కళ్ళు తెరిచేసరికి ఒంటి మీద బట్టల్లేవు, చుట్టూ తెల్ల ఆడవాళ్ళు నూనె కడుగుతున్నారు. నువ్వు 'అతను భయపడ్డాడు' అని రాసి ముందుకెళ్ళిపోయావు. ఎందుకు భయపడ్డాడో రాయి. వాళ్ళ ఊళ్ళో అయితే అలా దొరికినవాణ్ణి చెట్టుకు వేలాడదీసేవాళ్ళు. ఇక్కడేమో నూనె చర్మంలోకి ఇంకిపోయిందనుకుని ఇంకా గట్టిగా రుద్దుతున్నారు, అది పోయేది కాదమ్మా, నా రంగే ఇది అని అతనే చెప్పాల్సొచ్చింది. అయినా వయొలెట్ పైక్ అనే ఆవిడ తన ఇంటికి తీసుకెళ్ళి చూసుకుంది.

నీ నాలుగు పేజీలూ నూనె కడిగే ఆ చేతికివ్వు. మా నాన్న మోటారు విప్పి వస్తే మా అమ్మ కిరసనాయిలు పోసి కొబ్బరిపీచుతో రుద్దేది, అయినా గోళ్ళ సందుల్లో నలుపు వారం ఉండేది, అన్నం ముద్దలోనూ ఆ వాసనే. నీకు తెలియకపోతే ఏ లారీ షెడ్డుకైనా వెళ్ళి చేతులకు పూసుకుని, చన్నీళ్ళతో కడిగి చూడు. తర్వాత రాయి.

చివర్లో అతను అమెరికా నేవీలో మొదటి నల్లజాతి సోనార్ (నీటి కింద శబ్దంతో సబ్‌మెరైన్లను పసిగట్టే పరికరం) టెక్నీషియన్ అయ్యాడనీ, సెల్మాలో నల్లజాతివాళ్ళ ఓటుహక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్ వెంట నడిచాడనీ పేజీన్నర ఉంది. నిజమే, గొప్ప సంగతే, కానీ నీ కథ ఆ ఆడవాళ్ళు అతన్ని కడిగిన బల్ల దగ్గరే ఆగాలని నాకనిపిస్తోంది.

తిరగరాసి పంపు. నెలాఖరు దాకా ఊళ్ళోనే ఉంటాను.

మీ అన్నయ్య