మార్కులు దాచిన కొడుకుని మళ్ళీ నమ్మడం ఎలా?

మావాడు మార్కులు దాచి దొరికిపోయాడు, ఇప్పుడు వాడు ఏం చెప్పినా నమ్మబుద్ధి కావడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. నేను కొడుకు వైపు నుంచి చెబుతాను. ఆ పని నేనూ చేశాను మరి.

2008, ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. మాథ్స్ 1బిలో 75కి 17 వచ్చాయి. పాసవ్వాలంటే అప్పట్లో 26 రావాలి. నెట్ సెంటర్లో రిజల్ట్ చూసుకుని ఇంటికొచ్చి "అన్నీ పాసయ్యాను నాన్నా" అనేశాను. సప్లిమెంటరీలో గట్టెక్కేస్తే ఎవరికీ తెలియదని నా లెక్క. మాది తెనాలిలో కిరాణా కొట్టు. నాన్న అప్పటికప్పుడు కిలో లడ్డూలు తెప్పించి, సరుకులకొచ్చిన వాళ్ళందరికీ పంచారు. నాలుగు రోజులకి నా క్లాస్‌మేట్ వాళ్ళ నాన్న కొట్టుకొచ్చి "మీవాడు కూడా సప్లిమెంటరీ ఫీజు కట్టేశాడాండీ?" అని అడిగారు.

కొట్టలేదు, తిట్టలేదు. "అందరికీ లడ్డూలు పంచానురా" అన్నారంతే.

తప్పయిపోయింది అని ఎన్నిసార్లు అన్నానో. ఒక్కటీ పని చేయలేదు. అమ్మయితే స్నేహితుడి ఇంటికెళ్తానన్నా "ఆరోజూ ఇలాగే చెప్పావు" అనేది. ఆమె బాధ ఆమెది, కాదనను. కానీ అలా అన్న ప్రతిసారీ, నిజం చెప్పినా ఇదే మాట పడాలి కదా, అబద్ధమే చెప్పేస్తే పోలా అనిపించేది. మీ ఇంట్లో ఆ మాట వినపడుతుంటే ముందు అది ఆపండి.

నాన్న దారి వేరు. సప్లిమెంటరీ అయిపోయాక ఒకరోజు ఐదు వేలు లెక్కపెట్టి చేతిలో పెట్టి, బ్యాంకులో కట్టి రమ్మన్నారు. రాగానే కౌంటర్‌ఫాయిల్ అడిగి తీసుకుని, స్టాంపు చూసి, అంకె చూసి, చీటీల తీగకి గుచ్చారు. మర్నాడూ అంతే. మొదట్లో ఒళ్ళు మండేది, నేనేమైనా దొంగనా అని. తర్వాత్తర్వాత అర్థమైంది, రోజూ నా మాట ఒకటి నిజమని తేలుతోందని. నమ్మండి అని బతిమాలే అవసరం లేకుండా పోయింది. మీవాడికీ ఇలాంటి పని ఏదో ఒకటి అప్పజెప్పండి, చూసుకోవడానికి వీలుండేది. చూసుకుంటున్నామని వాడికి దాపరికం లేకుండా చెప్పండి.

రెండో ఏడాది అర్ధ సంవత్సర పరీక్షల్లో ఫిజిక్స్ 60కి 14. ప్రోగ్రెస్ కార్డు ఇంకా రాలేదు. రాత్రి కొట్టు కట్టేసే వేళకి వెళ్ళి నేనే చెప్పాను. కాళ్ళు వణికాయి. నాన్న షట్టర్ దించి, తాళం వేసి, "ట్యూషన్ పెట్టించమంటావా?" అన్నారు. అంతకుమించి ఆ మాటే ఎత్తలేదు. మీ దగ్గరికొచ్చి మీవాడు ఇలా ఏదైనా చెప్పిన రోజున, దయచేసి మొదటి పది నిమిషాలు మార్కుల గురించి మాట్లాడకండి.

ఆ సంక్రాంతి ముందు కౌంటర్‌ఫాయిల్ ఇస్తే నాన్న చూడకుండానే తీగకి గుచ్చేశారు. అమ్మకి ఇంకో ఏడాది పట్టింది. లడ్డూల సంగతి మాత్రం మా బాబాయి పెళ్ళిళ్ళలో ఇప్పటికీ చెబుతుంటాడు.