మా పొలాల మీదుగా బైపాస్ వస్తోందట. అభ్యంతరం చెబితే లాభముంటుందా?

ఉంటుంది, కాకపోతే టైముకి రాసివ్వాలి. మా ఊరి పొలాల్లోంచి జాతీయ రహదారి బైపాస్ వేస్తామన్నప్పుడు అందరం ధర్నా చేశాం, ఫ్లెక్సీలు కట్టాం. అలైన్‌మెంట్, అంటే రోడ్డు వెళ్లే గీత, గజం కూడా జరగలేదు. ధర్నా వద్దనడం లేదు. కానీ అక్కడ అరిచింది ఫైల్లోకి ఎక్కదు, కాగితం మీద రాసిందే ఎక్కుతుంది.

మీది కూడా జాతీయ రహదారే అయితే భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. ఫలానా భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఏ సెక్షన్ నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చాక 21 రోజుల్లోగా అభ్యంతరం ఇవ్వాలి. గెజిట్ ఏ రైతు చూస్తాడు? రెండు పేపర్లలో వేస్తారు, ఒకటి తెలుగుదే, కానీ చీమ తలకాయంత అక్షరాల్లో సర్వే నంబర్ల పట్టిక. ఇంటికొచ్చి చేతికి నోటీసు ఇస్తే ఏం పోతుంది? 3డి ప్రకటన కూడా వచ్చేసిందంటే భూమి కేంద్రానిదైపోయినట్టే. ఆ తర్వాత మిగిలేది పరిహారం గొడవే.

అభ్యంతరాల మీద విచారణ రోజు మావాళ్లు చాలామంది ‘రోడ్డు మాకొద్దు’ అని ఒకటే జిరాక్స్ అర్జీ ఇచ్చారు. అధికారి తీసుకుని పక్కన పెట్టేశారు. మా వీధిలో పెద్దమ్మ ఒకావిడ మాత్రం మనవడి చేత రాయించిన కాగితం ఇచ్చి, “సారూ, నా బోరు ఇటు, మడి అటు. మధ్యలో మీ రోడ్డు. నీళ్లు ఎట్టా పారించుకోవాలి?” అని అడిగింది. సర్వేయర్ మ్యాపు తెరిస్తే అందులో అసలు బోరే లేదు. అక్కడికక్కడే పెన్సిల్‌తో గుర్తు పెట్టించారు. రోడ్డు పడ్డాక చూస్తే సరిగ్గా ఆ చోట కట్ట కింద పైపులకు దారి వదిలారు. ఆ కాగితం వల్లే అది వచ్చిందని నా గట్టి నమ్మకం.

అందుకే ఎకరానికి ఎంతిస్తారన్న దాని దగ్గరే ఆగిపోకండి. వాన నీళ్లు ఎటు నుంచి ఎటు పారతాయో, పశువులు ఎక్కడ దాటుతాయో, ఎవరి బోరు ఎటు పడుతుందో సర్వే నంబర్లతో సహా రాయండి. అండర్‌పాస్ ఇస్తామంటే ఎత్తెంతో అడగండి. మాకు కట్టినదాంట్లో ట్రాక్టర్ పడుతుంది, కోత మిషన్ పట్టదు. అది చుట్టూ తిరిగి వచ్చినంతసేపూ అద్దె రైతు మీదే పడుతోంది, కట్టినవాళ్లకేం?

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లండి. మీ కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు బయటికి రావద్దు.