తపాలా బిళ్ళ మీద ఏముందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

స్టాంపుల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. గ్రీనిచ్ రేఖ, అంటే సున్నా డిగ్రీల రేఖాంశం, దాని మీద బ్రిటన్ తెచ్చిన స్టాంపులు నాలుగింటినీ చీల్చుకుంటూ పోయే ఎర్ర గీత గురించి నువ్వు రాసిన వాక్యం బాగుంది. కానీ తేదీలు కలిపేశావు. ఆ రేఖను ఖాయం చేసిన వాషింగ్టన్ సమావేశం 1884 అక్టోబరులో జరిగింది. స్టాంపులు వచ్చింది 1984 జూన్ 26న.

సముద్రంలో రేఖాంశం తేల్చే గడియారాలు చేసిన జాన్ హారిసన్ దగ్గరికొచ్చేసరికి నాకు కోపమొచ్చింది. నాలుగు పేజీల జీవిత చరిత్ర రాసి, చివర "ఆయన గౌరవార్థం స్టాంపులు వెలువడ్డాయి" అంటే సరిపోతుందా? ఎన్ని? వాటి మీద ఏముంది? ఆయన పుట్టిన మూడు వందల ఏళ్లకు, 1993 ఫిబ్రవరిలో బ్రిటన్ నాలుగు తెచ్చింది: 24, 28, 33, 39 పెన్సులవి. నాలుగింటి మీదా ఒకటే గడియారం, ఆయన చేసిన సముద్ర గడియారాల్లో నాలుగోదైన హెచ్4. ఎనామెల్ డయల్‌తో మొదలై పొరపొరగా లోపలికి దిగి, యంత్రం వీపు దాకా వెళతాయి. 33 పెన్సుల బిళ్ళ మీద భూతద్దం పెట్టు. వేడికి స్ప్రింగు మెత్తబడితే గడియారం వెనకబడుతుంది. దానికి విరుగుడుగా ఇత్తడి, ఉక్కు బద్దల్ని కలిపి రివెట్ చేశాడాయన. ఆ బిళ్ళ మీద చూడాల్సింది దాన్నే. ఇత్తడి ఎక్కువ సాగుతుంది కనుక బద్ద వంగి, స్ప్రింగులో ఆడే భాగాన్ని కురచ చేస్తుంది. 28 పెన్సుల దాని మీద రెమాంట్వార్ ఉంది. నిమిషానికి 8 సార్లు చిన్న స్ప్రింగును తిరిగి చుట్టి, బలం తగ్గకుండా చూసేది అదే. నీ నాలుగు పేజీల్లో ఇదేదీ లేదు.

బొమ్మను నమ్మేసి రాయకు కూడా. 1903లో కరీబియన్ దీవులు సెయింట్ కిట్స్-నెవిస్ తెచ్చిన స్టాంపు మీద కొలంబస్ టెలిస్కోపు పట్టుకుని చూస్తుంటాడు. ఆయన పోయింది 1506లో, టెలిస్కోపు వెలుగులోకి వచ్చింది 1608లో.

అంచు చిల్లులు కొలిచి రాయి: 2 సెంటీమీటర్లలో ఎన్ని పడతాయో, అడ్డం ముందు, నిలువు తర్వాత. పాఠకుడికి విసుగని సంపాదకులు ముందుగా కొట్టేసేది ఈ అంకెల్నే. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు ముద్రణల్ని చాలాసార్లు విడదీసేది అవే. వాటికోసం పోట్లాడు.

ఫస్ట్ డే కవర్, అంటే బిళ్ళ విడుదలైన రోజు తేదీతో తపాలా ముద్ర పడిన కవరు, దాని నుంచి బిళ్ళను నానబెట్టి ఊడదీశానన్నావు. ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు. ముద్రలో సగం కవరు మీదే ఉండిపోతుంది, తేదీ విరిగిపోతుంది. మామూలు కవర్లైతే గోరువెచ్చని నీళ్లలో పావుగంట చాలు. రంగు కాగితమైతే విడిగా నానబెట్టు, ఆ రంగు మిగతా బిళ్ళలకు అంటుకుంటుంది.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. హారిసన్ బాల్యం మొత్తం తీసేసి, 28 పెన్సుల బిళ్ళ మీద ఏ చక్రం ఎక్కడుందో రాసి మళ్ళీ పంపు.