‘వార్తలు చదువుతున్నది’: ఈ ‘ది’ ఎవరిని చెబుతుంది?

సందేహం: మేము నలుగురు మిత్రులం విశాఖపట్నంలో ఉంటూ వారానికొక పాడ్‌కాస్ట్ చేస్తున్నాం. నగర వార్తలు, సాహిత్య సాంస్కృతిక విశేషాలు, చివర ఒక ముఖాముఖి ఉంటాయి. ‘ఈ వారం విశేషాలు చదువుతున్నది’ అని మా మిత్రుడి పేరు చెప్పి మొదలుపెడతాం. అది విన్న ఒక పెద్దాయన, ‘మగవాణ్ణి పట్టుకొని చదువుతున్నది అంటారేమిటి? చదువుతున్నవారు అనాలి’ అని మందలించారు. వయసులో పెద్దవారైన అతిథిని ‘మనతో మాట్లాడుతున్నది’ అనడం మరీ అమర్యాద అన్నారు. ఏది సరైనది? పైగా ముందే రికార్డు చేసి ఉంచినదాన్ని ఎవరో ఎప్పుడో వింటారు కదా, దానికి ‘చదువుతున్నది’ అని వర్తమానం వాడవచ్చా?

సమాధానం: మీరు వాడిన వాక్యం నిర్దుష్టమైనది. ‘వార్తలు చదువుతున్నది కొత్తపల్లి సుబ్రహ్మణ్యం’, ‘వార్తలు చదువుతున్నది ఏడిద గోపాలరావు’ అని ఆకాశవాణిలో వింటూ పెరిగిన తరాలు ఉన్నాయి. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన తొలి మహిళ జోలెపాళెం మంగమ్మకూ, ఆ తరవాత చదివిన పురుషులకూ వాక్యం ఒక్కటే సరిపోయింది. అయితే రేడియోలో అన్నారు కాబట్టి ఒప్పు అని చెప్పి ఊరుకుంటే పెద్దాయన శంక తీరదు. ఆ శంకకు కారణం తెలుగు క్రియారూపాల్లోనే ఉంది.

తెలుగులో ఏకవచనంలో స్త్రీలకూ, పశుపక్ష్యాదులకూ, జడపదార్థాలకూ క్రియ ఒకే తీరుగా ఉంటుంది. ‘అమ్మాయి వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ అంటాం. పురుషుడికి మాత్రమే ‘వచ్చాడు’ అని వేరే రూపం ఉంది. 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు (పురుషులు), అమహత్తు (మిగిలినవన్నీ) అని విభజించి చెప్పినది ఈ తేడానే. అందువల్ల ‘చదువుతున్నది’ అని చెవిన పడగానే స్త్రీనో, గౌరవం లేకుండా ఎవరినో అన్నట్టు తోచడం సహజం. ‘ఆమె పుస్తకం చదువుతున్నది’ అన్నప్పుడు అది నిజమే. అక్కడ అది సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, ఆమెను అనుసరించి వచ్చిన రూపం.

‘వార్తలు చదువుతున్నది గోపాలరావు’ అన్న వాక్యంలో ఉన్నది ఆ క్రియ కాదు. ‘చదువుతున్న’ అనే విశేషణానికి ‘అది’ చేరగా ఏర్పడిన నామం. ఈ ‘అది’ చదివే మనిషిని చెప్పదు, చదవడమనే పనిని మొత్తంగా చెబుతుంది. పని జరుగుతున్నదని వినేవాడికి ముందే తెలుసు, గొంతు చెవిన పడుతూనే ఉంది. తెలియనిది ఎవరన్నదే. అందుకని తెలిసినదాన్ని ముందు పెట్టి, తెలియవలసిన పేరును చివర నిలుపుతాం.

దీన్ని పరీక్షించడానికి మీ ఊరి వాక్యమే తీసుకుందాం. మీరు మైకు పట్టుకొని రామకృష్ణా బీచిలో జలాంతర్గామి మ్యూజియం దగ్గర నిలబడి, ‘ఇప్పుడు మనం నిలబడి ఉన్నది కురుసుర ముందు’ అని చెప్పారనుకోండి. నిలబడి ఉన్నది మనం, అంటే ఉత్తమపురుష బహువచనం, అయినా ‘ఉన్నది’ అనే అన్నాం. ఇక్కడి ‘ది’ని మనుషులకు అంటగట్టబోతే ‘మనం నిలబడి ఉన్నవాళ్ళం కురుసుర ముందు’ అనవలసి వస్తుంది, అది తెలుగు కాదు. ‘గురజాడ ఉద్యోగం చేసింది విజయనగరంలో’, ‘వాళ్ళు వచ్చింది నిన్న రాత్రి’ వంటి వాక్యాలను కూడా ఇలాగే చూడండి. నొక్కి చెబుతున్నది ఊరైనా, వేళైనా, మనిషైనా ‘ది’ కదలదు.

వ్యతిరేకార్థంలో ఇది మరింత తేటపడుతుంది. ‘ఆ పాట పాడింది నేను కాదు’ అని అందరం అంటాం, ‘పాడింది నేను కాను’ అని ఎవరూ అనరు. ‘పాడినవాణ్ణి నేను కాను’ అన్నప్పుడు మాత్రం ‘కాను’ వస్తుంది, ఎందుకంటే అక్కడ మాట మనిషిని చెబుతోంది. పెద్దాయన కోరిన ‘చదువుతున్నవారు’ ఈ రెండో తెగకు చెందినది. అది తప్పు కాదు, దాని చోటు వేరు. రేడియో నాటకం చివర ‘పాల్గొన్నవారు’ అంటూ వరుసగా పేర్లు చదివేవారు. అక్కడ కావలసినది మనుషుల జాబితా, కాబట్టి ‘వారు’ చక్కగా అమరింది. అదే ఆకాశవాణి వార్తల దగ్గరికి వచ్చేసరికి ‘చదువుతున్నది’ అన్నది. ఆ రెండు చోట్ల రెండు రూపాలను ఎంచుకున్నవారి చెవికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

1974లో మొదలైన సంస్కృత వార్తలతో పోల్చి చూడండి. ‘సంప్రతి వార్తాః శ్రూయన్తామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః’ అన్న ప్రకటన తెలుగువారికి కూడా కంఠస్థమే. చదివేది స్త్రీ అయితే అక్కడ ‘ప్రవాచికా’ అని మార్చక తప్పదు. తెలుగు వాక్యానికి ఆ అవసరం లేదు.

జాగ్రత్త పడవలసిన చోటు మరొకటి ఉంది. ఈ మధ్య కొందరు ‘వార్తలు చదువుతోంది’ అని పురుషుడి పేరు చెబుతున్నారు, అది తప్పు. ‘చదువుతోంది’ సమాపక క్రియ మాత్రమే, ‘చదువుతున్న’, ‘అది’ అని దాన్ని విడదీయలేం. భూతకాలంలో ఈ చిక్కు లేదు. ‘చదివినది’ కుదించుకొని ‘చదివింది’ అయినా రెండు పనులకూ ఒదుగుతుంది. ‘ఆమె చదివింది’, ‘చదివింది రామారావు’ రెండూ సరైనవే. వర్తమానంలో మాత్రం ‘చదువుతున్నది’ అని పూర్తిగా పలకాలి.

మర్యాద సంగతికి వస్తే, పెద్దాయన పట్టింపు వెనక ఉన్న సంస్కారం నాకు ఇష్టమే. కాని ఈ వాక్యంలో గౌరవాన్ని మోసేది ‘ది’ కాదు, పేరు చివర చేరే ‘గారు’. ‘ఈ వారం మనతో మాట్లాడుతున్నది ఆచార్య ఫలానా గారు’ అంటే ఏ లోపమూ లేదు. చదివే వ్యక్తి తన పేరు తానే చెప్పుకుంటే ‘గారు’ చేర్చరాదని మీకు తెలిసే ఉంటుంది. అతిథి మనసు నొచ్చుకుంటుందన్న బెరుకు ఉంటే ‘మాట్లాడుతున్నవారు’ అనండి, వ్యాకరణం అడ్డు చెప్పదు.

ఇక కాలం గురించి. వినేవాడి చెవిలో ఆ గొంతు పలుకుతున్న క్షణమే ఈ వాక్యానికి వర్తమానం. రేడియోలోనూ ముందే రికార్డు చేసిన ప్రసంగాలు ఎన్నో ప్రసారమయ్యాయి, వాటికి వేరే కాలం వాడలేదు. కనుక ఆరంభంలో ‘చదువుతున్నది’ అనడానికి సందేహించకండి. ముగింపులో పేరు మళ్ళీ చెప్పదలిస్తే ‘ఇంతవరకు చదివింది’ అనండి. నిజంగా తేడా వచ్చేది ‘ఈరోజు’, ‘నిన్న’, ‘వచ్చే ఆదివారం’ వంటి మాటల దగ్గర. రేడియోలో చదివేవాడి గడియారం, వినేవాడి గడియారం ఒకటే, అందువల్ల ‘నిన్న’ అంటే ఇద్దరికీ ఒకే నిన్న. మీ పాడ్‌కాస్ట్‌ను ఒకరు విడుదలైన పూటే వినవచ్చు, మరొకరు రెండు నెలల తరవాత వినవచ్చు. ‘వచ్చే ఆదివారం కళాభారతిలో సంగీత సభ’ అని మీరు చెబితే, ఆలస్యంగా విన్నవారు అయిపోయిన సభకు బయలుదేరవలసి వస్తుంది. అటువంటి చోట తేదీ, నెల, సంవత్సరం విడమరిచి చెప్పండి.